హల్దీ వాగు నుంచి పగడాల లోకానికి
సముద్రం చూడని ఊరి విద్యార్థికి సముద్ర జీవశాస్త్రం ఎందుకు?

ఎల్దుర్తి: మెదక్ జిల్లాలోని ఈ మండల కేంద్రం నుంచి ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం చేరాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. ఇక్కడి పిల్లలకు నీరంటే చెరువు, కుంట, వ్యవసాయ బావి, వానాకాలంలో పొంగే హల్దీ వాగు. అలలు, ఆటుపోట్లు, తిమింగలాలు పాఠ్యపుస్తకాల్లోనూ టీవీ తెరపైనా కనిపించేవే. ఇటువంటి ఊళ్లో ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనా సముద్ర జీవశాస్త్రం చదువుతానంటే ఇంట్లోవారికి వింతగా తోచడం సహజం. డాక్టర్, ఇంజినీరు, టీచరు కొలువులు తెలుసు గానీ పగడాలను చదివే కొలువు ఏమిటన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది.

అయితే ఆ కోరిక అంత దూరపుది కాదు. దేశంలోని పగడపు దిబ్బలకు వేడి ముప్పు పొంచి ఉన్నప్పుడు ముందుగా హెచ్చరించే కేంద్రం తీరంలో కాక హైదరాబాద్‌లోనే ఉంది. హల్దీ వాగు నీరు చివరకు చేరేది బంగాళాఖాతంలోకే. ప్రపంచవ్యాప్తంగా పగడాలు ప్రమాదంలో పడిన ఈ కాలంలో వాటి గురించి తెలుసుకోవడం తీరవాసులకే పరిమితమైన విషయం కాదు.

పగడం మనకు కొత్తది కాదు

పగడం అన్న మాట తెలియని ఇల్లు తెలంగాణలో ఉండదు. పుస్తెలతాడులో నల్లపూసలతో పాటు ఎర్రని పగడాలు గుచ్చుకునే ఆచారం ఉంది. నవరత్నాల్లో అదొకటి. కావ్యభాషలో దానికి ప్రవాళమనీ, విద్రుమమనీ పేర్లు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం విధించిన సరుకుల జాబితాలో కర్పూరం, పట్టు, మిరియాలతో పాటు పగడాలు కూడా కనిపిస్తాయి. అంటే ఓడల మీద వచ్చిన పగడం ఏడు శతాబ్దాలకు పూర్వమే తెలుగు నేలకు పరిచయం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నగల్లో వాడే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో పెరిగే జాతి. అది పెద్ద దిబ్బలు కట్టదు. సముద్రంలో మైళ్ల పొడవునా గోడల్లా విస్తరించే ప్రవాళ భిత్తికలను నిర్మించేవి వేరే జాతులు. ఉష్ణమండలపు నిస్సార జలాలు వాటి నివాసం. రెండూ బంధువులే అయినా జీవన విధానం వేరు.

చెట్టా? రాయా? జంతువా?

పగడాన్ని చూసినవారు తొలుత రాయి అనుకుంటారు. కొమ్మలు చూసి చెట్టు అనుకున్నవారూ ఉన్నారు. నిజానికి అది జంతువు. ఇంటర్మీడియట్ ప్రథమ సంవత్సరం జంతుశాస్త్రంలో అకశేరుకాల పాఠంలో వచ్చే నిడేరియా వర్గానికి చెందినది. హైడ్రా, జెల్లీచేప దీని దాయాదులు.

ఒక్కో పగడపు జీవిని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో అది కొద్ది మిల్లీమీటర్లకు మించదు. గొట్టం వంటి మెత్తని శరీరం, పైన నోరు, చుట్టూ స్పర్శకాలు, వాటి నిండా దంశకణాలు ఉంటాయి. రాత్రివేళ స్పర్శకాలు చాచి నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని, కార్బొనేటును గ్రహించి తన అడుగున గిన్నెలాంటి సున్నపు గూడు కట్టుకుంటుంది. ఒక పాలిప్ మొగ్గ తొడిగి రెండు, రెండు నాలుగై వేలాదిగా పెరుగుతాయి. పాతవి చనిపోయినా వాటి గూళ్లు మిగులుతాయి. వాటిపైనే కొత్తవి కడతాయి.

పొలం గట్టున ఉండే చెదపుట్టను తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. చెదపురుగు ఎంత? అది కట్టిన పుట్ట ఎంత? పగడపు దిబ్బ కూడా అంతే. గుండ్రని బండల్లా పెరిగే జాతులు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి ఎదగవు. కొమ్మలు వేసే జాతులు పది సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. కాబట్టి నేడు కనిపించే పెద్ద దిబ్బ వెనుక వందల, వేల ఏళ్ల శ్రమ ఉంటుంది. ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంట 2,300 కిలోమీటర్లకు పైగా విస్తరించిన గ్రేట్ బారియర్ రీఫ్ ఈ చిన్న ప్రాణుల నిర్మాణమే.

కంది వేరు చెప్పే పాఠం

కంది, పెసర, శనగ వేళ్లపై బుడిపెలు ఉంటాయని, వాటిలోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందని ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువుకుంటారు. మొక్క బదులుగా దానికి ఆహారం, ఆశ్రయం ఇస్తుంది. దీన్నే సహజీవనం అంటారు. మెదక్ రైతు పొలంలో జరిగే ఈ ఒప్పందం వంటిదే పగడం ఒంట్లోనూ జరుగుతుంది.

పాలిప్ కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. సూర్యరశ్మితో కిరణజన్య సంయోగక్రియ జరిపి తాము తయారుచేసుకున్న చక్కెరల్లో అధిక భాగాన్ని పగడానికి ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ దారిలోనే రావచ్చు. బదులుగా శైవలాలకు నివాసం, కార్బన్ డయాక్సైడ్, నత్రజని లభిస్తాయి. పగడాలకు గోధుమ, ఆకుపచ్చ ఛాయలు ప్రధానంగా ఈ అతిథుల వల్లే వస్తాయి. పాలిప్ శరీరం మాత్రం దాదాపు పారదర్శకం.

దిబ్బలు ఎక్కడ పెరుగుతాయో, ఎక్కడ పెరగవో కూడా ఈ స్నేహమే నిర్ణయిస్తుంది. శైవలాలకు వెలుతురు కావాలి గనుక నీరు తేటగా, లోతు తక్కువగా ఉండాలి. ఉప్పదనం నిలకడగా ఉండాలి. సాధారణంగా 23 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం.

మూడు రకాల నిర్మాణం

పరిణామ సిద్ధాంతంతో పేరుపొందిన ఛార్లెస్ డార్విన్ 1842లో పగడపు దిబ్బలపై ఒక గ్రంథం ప్రచురించాడు. తీరాన్ని ఆనుకుని పెరిగే తీర భిత్తిక, తీరానికి దూరంగా మధ్యలో నీటిని వదిలి గోడలా నిలిచే అవరోధ భిత్తిక, నడుమ ఉప్పునీటి మడుగుతో ఉంగరంలా ఉండే అటోల్ అని దిబ్బలను మూడు రకాలుగా వివరించాడు. అగ్నిపర్వత ద్వీపం మెల్లమెల్లగా కుంగుతుంటే దాని చుట్టూ ఉన్న పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతూ పోతాయని, చివరకు ద్వీపం మునిగిపోయి ఉంగరం మిగులుతుందని ఆయన ఊహించాడు. ఒక శతాబ్దం తర్వాత 1950వ దశకంలో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటోల్‌లో లోతుగా బోర్లు వేసినప్పుడు వెయ్యి మీటర్లకు పైగా మందమున్న సున్నపురాయి కింద అగ్నిపర్వత శిల బయటపడింది. డార్విన్ ఊహకు అలా రుజువు దొరికింది.

మన దేశంలో ఈ దిబ్బలు ప్రధానంగా నాలుగు చోట్ల ఉన్నాయి. లక్షద్వీప్ అటోల్‌ల సముదాయం. అండమాన్ నికోబార్ దీవుల చుట్టూ తీర భిత్తికలు ఎక్కువ. తమిళనాడులోని రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవుల చుట్టూ పగడాలున్నాయి. ఈ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ నాలుగోది. దేశంలో తొలి సముద్ర జాతీయ ఉద్యానం 1982లో అక్కడే ఏర్పడింది.

ఆంధ్ర తీరంలో దిబ్బలు ఎందుకు లేవు?

వెయ్యి కిలోమీటర్ల దాకా ఉన్న ఆంధ్రప్రదేశ్ తీరంలో పెద్ద పగడపు దిబ్బ లేకపోవడానికి కారణం నదులే. గోదావరి, కృష్ణ ఏటా భారీగా మంచినీటిని, ఒండ్రును తెచ్చి బంగాళాఖాతంలో కలుపుతాయి. నీటి ఉప్పదనం తగ్గుతుంది. మట్టి కలిసి వెలుతురు లోపలికి దిగదు. పాలిప్‌లపై ఒండ్రు పేరుకుంటుంది. ఈ పరిస్థితిలో దిబ్బ కట్టడం కష్టం. అయినా విశాఖపట్నం దగ్గర రాతి నేల ఉన్నచోట విడివిడిగా పెరిగే పగడాలను పరిశోధకులు గుర్తించారు. అవి దిబ్బలు కావు, కొద్దిపాటి కాలనీలు మాత్రమే.

పగడాలకు గిట్టని ఆ ఒండ్రే మరో అడవికి ప్రాణం పోసింది. గోదావరి ముఖద్వారం వద్ద కాకినాడకు సమీపంలోని కోరింగ మడ అడవులు అటువంటివే. 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున్న ఈ అభయారణ్యం 1978లో ఏర్పడింది. రొయ్యలు, పీతలు, చేప పిల్లలు పెరిగే ఉయ్యాల అది. తుపాను వేళ తీరానికి కంచె అదే.

తెల్లబోతున్న పగడాలు

సముద్రపు నీరు ఆ ప్రాంతపు వేసవి గరిష్ఠ సగటు కంటే ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడానికి, శైవలానికి మధ్య ఒప్పందం చెడుతుంది. వేడికి శైవలాలు హానికర పదార్థాలను విడుదల చేస్తాయి. పగడం వాటిని వెళ్లగొడుతుంది. రంగు పోయి పారదర్శక శరీరం గుండా సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. దీన్నే పగడాలు తెల్లబారడం అంటారు. తెల్లబారిన పగడం అప్పుడే చచ్చినట్లు కాదు. అది ఆకలితో ఉన్నట్లు. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరి కోలుకుంటుంది. వేడి కొనసాగితే మరణిస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి విపత్తు 1998లో, 2010లో, 2014-17 మధ్య సంభవించింది. నాలుగోది సాగుతున్నట్లు 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా, అంతర్జాతీయ పగడపు దిబ్బల సంస్థ ప్రకటించాయి. 2023 ఆరంభం నుంచి 2025 మార్చి నాటికి ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో దాదాపు 84 శాతం తెల్లబారే స్థాయి వేడికి గురైనట్లు తేల్చారు. 2024 వేసవిలో లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా తెల్లబారినట్లు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

భూతాపం పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే 1.5 డిగ్రీలు పెరిగితే ఉష్ణమండల పగడాల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా నశించవచ్చని ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పుల బృందం 2018లో హెచ్చరించింది.

నష్టం పగడాలకే పరిమితం కాదు. సముద్ర గర్భంలో ఒక శాతం కంటే తక్కువ చోటులో ఉన్న ఈ దిబ్బలపై సముద్ర జాతుల్లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక దశలో ఆధారపడతాయి. అలల శక్తిలో సగటున 97 శాతాన్ని దిబ్బలు అడ్డుకుంటాయని 2014లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ గోడ కూలితే దీవుల ఒడ్డు కోసుకుపోతుంది, మత్స్యకారుల వల ఖాళీ అవుతుంది.

హెచ్చరిక హైదరాబాద్ నుంచే

జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం 'ఇన్‌కాయిస్' 1999లో హైదరాబాద్‌లో ఏర్పడింది. ప్రగతినగర్‌లోని ఈ కేంద్రానికి ఎల్దుర్తి నుంచి ఒక పూట ప్రయాణంలో చేరుకోవచ్చు. 2004 సునామీ తర్వాత దేశానికి సునామీ ముందస్తు హెచ్చరికలిచ్చే వ్యవస్థ 2007 అక్టోబరులో ఇక్కడే ప్రారంభమైంది. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు తెలిపే సూచనలూ ఇక్కడి నుంచే వెళతాయి.

పగడాలు తెల్లబారే ముప్పుపై 2011 నుంచి ఈ కేంద్రం హెచ్చరికలు ఇస్తోంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను ఆయా ప్రాంతాల సాధారణ వేసవి గరిష్ఠంతో పోల్చి చూస్తారు. ఎంత మించింది, ఎన్ని వారాలు మించింది అన్న రెండింటినీ కలిపి లెక్కిస్తారు. ఒక డిగ్రీ అధిక వేడి నాలుగు వారాలు నిలిచినా, రెండు డిగ్రీలు రెండు వారాలు నిలిచినా లెక్క నాలుగే. నాలుగు దాటితే తెల్లబారడం, ఎనిమిది దాటితే మరణాలు మొదలవుతాయని అంచనా. ఇందులో ఎనిమిదో తరగతి విద్యార్థికి అందని గణితం ఏమీ లేదు.

వాగు నీరు ఎటు పోతుంది?

మండలం మీదుగా సాగే హల్దీ వాగు మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగర్ దాటి కందకుర్తి వద్ద గోదావరిలో చేరుతుంది. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి జలాలను హల్దీలోకి వదిలినప్పుడు ఈ బంధం ఇంకా స్పష్టమైంది. ఎత్తిపోసిన నీరు వాగు వెంట సాగి మళ్లీ తన నదినే వెతుక్కుంది.

నడుమ ఆనకట్టలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ వాగులో పడేసిన ప్లాస్టిక్ కవరు రేపే సముద్రం చేరదు. కానీ వరద వేళ నీటితో పాటు కొంత చెత్త, పొలాల్లో అధికంగా చల్లిన యూరియా, మందుల అవశేషాలు దిగువకు పోతూనే ఉంటాయి. నీటిలో నత్రజని, భాస్వరం పెరిగితే నాచు విపరీతంగా పెరిగి ప్రాణవాయువు తగ్గుతుంది. గుర్రపుడెక్క కమ్మిన చెరువులో చేపలు తేలిపోవడం చూసినవారికి ఇది తెలిసిన సంగతే. తీర జలాల్లోనూ ఇదే సూత్రం. పగడాల విషయంలో నాచు పెరిగి వాటిని కప్పేస్తుంది.

బడిలోనే చేసి చూడదగినవి

సముద్రం లేకపోయినా సముద్ర శాస్త్రంలో కొంత భాగాన్ని తరగతి గదిలోనే చూడవచ్చు.

* లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపితే సగటు సముద్రపు ఉప్పదనం వస్తుంది. అందులోనూ, మంచినీటిలోనూ కోడిగుడ్డు వేసి ఎక్కడ ఎలా ఉంటుందో పోల్చవచ్చు. ఉప్పు పెంచుతూ పోతే గుడ్డు ఎప్పుడు తేలుతుందో నమోదు చేయవచ్చు.

* గుడ్డు పెంకును గానీ, చెరువు గట్టున దొరికే నత్త గుల్లను గానీ నిమ్మరసంలో వేస్తే బుడగలు వస్తాయి. పెంకు క్రమంగా కరుగుతుంది. పగడపు గూడు కూడా అదే కాల్షియం కార్బొనేట్. మనం వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. ఫలితంగా ఉపరితల జలాల పీహెచ్ 8.2 నుంచి 8.1కి తగ్గింది. అంకె చిన్నదిగా తోచినా ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగినట్లు. సముద్రం నిమ్మరసమంత పుల్లగా మారదు గానీ గూడు కట్టుకోవడం పగడానికి కష్టమవుతుంది.

* గాజు సీసాలో చెరువు నీరు తీసుకుని మట్టి ఎంతసేపటికి అడుగుకు చేరుతుందో, అంతవరకు వెలుతురు ఎంత దూరం చొరబడుతుందో గమనించవచ్చు. ఆంధ్ర తీరంలో దిబ్బలు ఎందుకు పెరగలేదో ఆ సీసాయే చెబుతుంది.

పదో తరగతి తర్వాత దారి

ఈ చదువు కోరుకునే విద్యార్థి ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకోవాలి. తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి, జంతుశాస్త్రం వంటి సబ్జెక్టులతో బీఎస్సీ చేసి ఎమ్మెస్సీలో సముద్ర జీవశాస్త్రానికి వెళ్లడం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తమిళనాడులో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన పరంగిపేట్టై కేంద్రం, కేరళలోని కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ రంగంలో పేరున్నవి. రెండోది, మత్స్యశాస్త్రంలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాలలున్నాయి.

తెలుగు నేలపై ఈ చదువుకు మంచి పునాది ఉంది. 1950వ దశకం తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర అధ్యయనాలకు ఊపునిచ్చారు. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య పి.ఎన్.గణపతి సముద్ర జీవుల పరిశోధనకు బాట వేశారు. ఈనాడు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు, గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. భారత జంతు సర్వేక్షణ సంస్థ కూడా పగడాలపై పనిచేస్తోంది.

తల్లిదండ్రులు దాచకుండా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఈ రంగంలో కొలువులు వైద్యం, సాఫ్ట్‌వేర్ అంత విస్తారంగా లేవు. పరిశోధన స్థాయికి చేరాలంటే ఎమ్మెస్సీ తర్వాత నెట్ వంటి అర్హత పరీక్ష, పీహెచ్‌డీ అవసరం. అంటే ఇంటర్ తర్వాత దాదాపు పదేళ్ల చదువు. అయితే మత్స్యశాఖ, ఆక్వా పరిశ్రమ, అధ్యాపక వృత్తి, పర్యావరణ సర్వేలు వంటి మార్గాలు మధ్యలోనూ ఉన్నాయి. ఈత, సముద్ర గర్భ డైవింగ్ తెలిస్తే మేలే గానీ అవి లేకుండా చదువు ఆగదు. ఉపగ్రహ చిత్రాలు, ప్రయోగశాల, గణాంకాలతో జరిగే పని కూడా చాలా ఉంది.

పోయినవి తిరిగి రావా?

నిరాశ ఒక్కటే మిగలలేదు. తూత్తుకుడి ప్రాంతంలో ఒకప్పుడు సున్నం కోసం పగడాలను తవ్వి తీసేవారు. 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చడంతో పులికి ఉన్నంత రక్షణ వాటికీ లభించింది. దిబ్బల నుంచి తీసిన పగడపు ముక్కలను అమ్మడం, కొనడం నేరం. యాత్రకు వెళ్లినవారు తీరంలోని దుకాణాల్లో అటువంటివి కొనకపోవడం కూడా సంరక్షణే. మన్నార్ సింధుశాఖలో 2002 నుంచి విరిగిన పగడపు కొమ్మలను సిమెంటు దిమ్మెలకు కట్టి నాటే పని జరుగుతోంది. కచ్ సింధుశాఖలోని మిఠాపూర్ వద్ద 2020లో స్వల్ప విద్యుత్తు సాయంతో ఖనిజం పేరుకునేలా చేసే బయోరాక్ పద్ధతిని ప్రయత్నించారు. ఇవి గాయానికి కట్టు వంటివి. జ్వరం తగ్గాలంటే సముద్రపు వేడి తగ్గాలి.

ఇవాళ పదో తరగతి చదివే విద్యార్థి పరిశోధకుడో పరిశోధకురాలో అయ్యే నాటికి పగడాల్లో ఎన్ని మిగులుతాయో ఈ పదేళ్లలో జరిగే పనులే తేలుస్తాయి. వరి నారు పోసిన వాడికి తెలుసు, ఏ నాటు ఆలస్యమైతే ఏ పంట దక్కదో. పగడాలను నాటే చేతులు, వాటి వేడిని లెక్కగట్టే బుర్రలు తీరంలోనే పుట్టాలన్న నియమం లేదు. హల్దీ ఒడ్డు నుంచి బయలుదేరిన నీటికి సముద్రం దారి తెలిసినప్పుడు, అదే ఒడ్డున చదువుకునే పిల్లలకు ఆ దారి మూసి ఉండవలసిన పని లేదు.